ముసుగు తీస్తే ఎవరున్నారు?



ఈ వారం నాటకాల గురించీ, సినిమాల గురించీ. "ఇంత జరుగుతుంటే నాటకాలేంది అన్నా" అనేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఇది కూడా చివరికి భూమి దగ్గరికే వస్తుంది. ఆరడుగుల భూమి దగ్గరికి.

సెప్టెంబరు 28 జాషువా జయంతి. ప్రతి ఏడూ దండ వేస్తాం, ఇద్దరు ముగ్గురం మాట్లాడతాం, పద్యాలు పాడిస్తాం, ఇంటికి పోతాం. ఈసారి మా నల్లపాడు చుట్టుపక్కల చదువుకునే పిల్లలు ఐదుగురు కలిసి ఒక చిన్న సినిమా తీద్దామన్నారు. ఫోనుతోనే. పదిహేను నిమిషాలు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. పాలిటెక్నిక్ చదివే తమ్ముడొకడు ఉన్నాడు. వాడు పద్యం ఎత్తుకున్నాడంటే నల్లపాడు జంక్షన్‌లో ఆగిన గూడ్సు బండి డ్రైవరు కూడా తల బయటపెట్టి వింటాడు. వాడి గొంతు కోసమే ఈ ఆలోచన. హైదరాబాదులో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న చెల్లెలిది డైరెక్షన్. నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు.

ఆ చెల్లెలు కథ రాసుకోకముందే అందర్నీ కూర్చోబెట్టి లాప్‌టాప్‌లో ఒక ఇంగ్లీషు సినిమా వేసింది. ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా. "ఇది కూడా నాటకమే అన్నా. పాటల నాటకం. దాన్ని సినిమా చేస్తే ఏం పోయిందో, ఏం వచ్చిందో చూడండి, తర్వాత మన సంగతి మాట్లాడుకుందాం" అంది.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. పారిస్‌లో పెద్ద ఒపేరా హాలు. దాని నేలమాళిగలో, నీళ్ల మడుగు పక్కన, ఒకడు దాక్కొని బతుకుతుంటాడు. వాడి మొఖం వికారం. అందుకని ముసుగు. కానీ సంగీతంలో వాడిని మించినవాడు లేడు. పైన పాడే క్రిస్టీన్ అనే అమ్మాయికి చీకట్లోంచి, కనపడకుండా పాట నేర్పుతాడు. ఆమెను ప్రేమిస్తాడు. ఆమె గొంతుకి చప్పట్లు, ఆ గొంతు తయారుచేసినవాడికి నేలమాళిగ. చీకటి, పాడుబడ్డ చోట్లు, శవపేటికలు, భయం, వాటి మధ్య ఒక ప్రేమ: ఇలాంటి కథల్ని వాళ్లు గోతిక్ అంటారు. గాస్టన్ లెరూ అనే ఫ్రెంచి రచయిత 1909-10లో పత్రికలో సీరియల్‌గా రాశాడు. ఆ నవల్లో ఇంకో మాట ఉంది. ఆ ఒపేరా హాలు పునాదుల పని చేసినవాళ్లలో వీడు కూడా ఒకడు. కట్టినవాడే కింద దాక్కోవాల్సి వచ్చిందన్నమాట.

ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ దాన్ని పాటల నాటకం చేశాడు. 1986లో లండన్‌లో మొదలైంది. న్యూయార్క్‌లో 1988 నుంచి 2023 ఏప్రిల్ దాకా 13,981 ప్రదర్శనలు ఆడింది. 2004లో జోయెల్ షూమాకర్ సినిమా తీశాడు.

సినిమా అయిపోయాక పద్యాల తమ్ముడు అన్న మొదటి మాట: "వీడు మనోడే కదక్కా."

వాడు ఆ మాట ఊరికే అనలేదు. నాకూ అదే అనిపించింది. కానీ ఆ చెల్లెలు మమ్మల్ని అక్కడ ఆగనివ్వలేదు. నాటకానికీ సినిమాకీ తేడా చూడమంది.

నాటకంలో మొఖం దూరం. వెనక వరుసలో కూర్చున్నవాడికి ముసుగు ఒక తెల్ల మరకలాగా కనపడుతుంది. దాని వెనకాల ఏముందో జనమే ఊహించుకోవాలి. గొంతు మాత్రం అందరికీ దగ్గర. సినిమాలో కెమెరా మొఖం మీదికి పోతుంది. ఇక దాచడానికి లేదు. అప్పుడు షూమాకర్ ఏం చేశాడు? జెరార్డ్ బట్లర్ లాంటి అందగాడిని పెట్టి, ముసుగు తీసినా పెద్దగా భయపడాల్సింది లేకుండా చేశాడు. చాలామంది విమర్శకులు పట్టుకున్నది ఇక్కడే. ఈ మాత్రం మొఖానికి జీవితమంతా నేలమాళిగలో బతకాలా అని. వికారాన్ని తగ్గిస్తే వెలివేసినవాళ్ల క్రూరత్వమూ తగ్గిపోతుంది. ఇది మన సినిమాల్లోనూ చూస్తాం. మన పాత్ర ఒకటి రాస్తారు. ఆ పాత్రని జనం ఒప్పుకోవాలంటే వాడి మీద జరిగిందాన్ని కాస్త తక్కువ చేసి చూపిస్తారు.

కానీ అదే సినిమా ఇంకో పని బాగా చేసింది. నాటకంలో వాడి చిన్నతనం గురించి ఎవరో చెప్తే వింటాం. సినిమాలో చూపించారు. తిరునాళ్లలో బోనులో పెట్టిన పిల్లాడు. డబ్బులిచ్చి చూడటానికి వచ్చిన జనం. వాడి తల మీద గోనెసంచి లాగేసి నవ్వడం. వాడు పుట్టుకతో దయ్యం కాదు, జనం కలిసి చేసిన దయ్యం అని రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఇంకోటి, నాటకంలో పెద్ద షాండ్లియర్ సగం ఆట దగ్గర కూలుతుంది, ఇంటర్వెల్ కోసం. సినిమాలో దాన్ని చివరికి మార్చారు. అంటే నాటకాన్ని ఉన్నదున్నట్టు తెర మీదికి ఎక్కించడం కుదరదు. ఏదో ఒకటి జరపాలి, ఏదో ఒకటి కొయ్యాలి, ఒకరి మొఖం దగ్గరికి పోవాలి. ఎవరి మొఖం అన్నదే రాజకీయం.

ఇప్పుడు మన కాటి సీను.

తెలుగు సినిమా పుట్టిందే పాటల నాటకం కడుపులోంచి. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద, 1932, స్టేజీ నాటకమే. అంతకుముందు, 1913లో, ఫాల్కే తీసిన మన దేశపు మొదటి పూర్తి నిడివి కథాచిత్రం పేరేంటి? రాజా హరిశ్చంద్ర. తెలుగులో 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబలతో ఒకసారి, 1956లో ఎస్.వి.రంగారావుతో ఒకసారి, 1965లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ఎన్.టి.రామారావుతో ఇంకోసారి ఈ కథ తెరకెక్కింది. స్టేజీ మీద మనకి తెలిసిన హరిశ్చంద్ర మాత్రం మన గుంటూరు జిల్లావాడు బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన సత్యహరిశ్చంద్రీయం.

మనకూ ఒక గోతిక్ కథ ఉందంటే అది కాటి సీనే. అర్ధరాత్రి, వాన, మెరుపులు, కాలుతున్న కట్టెలు, నక్కల కూతలు. పాము కరిచి చచ్చిపోయిన కొడుకుని ఎత్తుకొని వచ్చిన తల్లి. కాటి సుంకం కట్టందే కాల్చడానికి వీల్లేదనే కాపరి. ఆ కాపరి ఆమె భర్తే. మెడలో తాళి చూసి గుర్తుపడతాడు. ప్రేమా ఉంది, భయమూ ఉంది, పాటా ఉంది.

ఈ సీను కోసమే జనం రాత్రంతా కూర్చునేవాళ్లు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు ఉండేవాళ్లు. అడవి సీను ఒకాయన, వారణాసి సీను ఒకాయన, కాటి సీనుకి అందరికన్నా పేరున్న ఆయన. హార్మోనియం పక్కన నిలబడి రాగం తీస్తే, వన్స్ మోర్ అంటే, చచ్చిన కొడుకుని పక్కన పెట్టి మళ్లీ పాడాల్సిందే. మా తాత మిర్చి యార్డులో ముఠా కూలీ. టిక్కీలు మోస్తూ ఈ పద్యాలే పాడేవాడు. ఊరి నాటకం ఆయన చూసింది మాత్రం స్టేజీకి పక్కనుంచి. ఎదురుగా కూర్చునే చోటు మనది కాదు. పక్కనుంచి చూస్తే హార్మోనియం వాయించేవాడి వీపు కనపడుతుందని నవ్వుతూ చెప్పేవాడు. పద్యం మాత్రం వినపడేది. గొంతుకి అంటు లేదు కదా.

ఇప్పుడు కథ లోపలికి రండి. హరిశ్చంద్రుడికి వచ్చిన కష్టాల్లో అన్నిటికన్నా పెద్ద కష్టంగా చెప్పేది ఏంటి? రాజ్యం పోవడం కాదు. పెళ్లాం బిడ్డల్ని అమ్ముకోవడం కూడా కాదు. చండాలుడికి అమ్ముడుపోవడం. వీరబాహుడికి బానిస కావడం. సత్యం కోసం ఇంత కిందికి దిగాడు అని చెప్పడానికి ఆ 'కింద' అన్నచోట మనల్ని నిలబెట్టారు. రాజు కొన్నాళ్లు చేస్తే త్యాగం. మనం తరతరాలుగా చేస్తే కులవృత్తి.

ఆ వీరబాహుడు ఎట్లా ఉంటాడు? నేను చూసిన ప్రదర్శనల్లో తాగి తూలుతూ వస్తాడు. జనం నవ్వాలి. వాడికి ఇల్లు లేదు, పెళ్లాం లేదు, కొడుకు లేడు. ఎంతమందిని కాల్చాడో, ఎంతమంది పసిపిల్లల్ని చేతుల్లోకి తీసుకున్నాడో, ఒక రాత్రైనా నిద్రపట్టక లేచి కూర్చున్నాడో లేదో ఎవరూ అడగరు. ఒక రాజు ఒక రాత్రి ఆ పని చేస్తే గంట సేపు పద్యాలు.

అసలు దెబ్బ ఇంకా చివర్న ఉంది. మార్కండేయ పురాణంలో ఈ కథ చివరికి ఆ చండాలుడు ఎవరు? ధర్ముడు. దేవుడే చండాలుడి వేషం వేసుకొని వచ్చి రాజుని పరీక్షించాడు.

చెల్లెలు ఇది చెప్పేటప్పుడు లాప్‌టాప్ మూసేసి చెప్పింది. "చూడండి, అక్కడ ముసుగు తీస్తే గాయపడ్డ మనిషి ఉన్నాడు. ఇక్కడ ముసుగు తీస్తే దేవుడు ఉన్నాడు. మరి మన మనిషేడి? కథ మొత్తంలో ఒక్కడే మనోడు. వాడు కూడా మనోడు కాదని చివర్లో తేల్చేశారు."

ఎన్ని సమావేశాల్లో ఎన్ని గంటలు మాట్లాడినా ఇంత సూటిగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఇక జాషువా. కాటి సీను అనగానే జనం నోట వచ్చే పద్యాలు బలిజేపల్లివి కావు. జాషువావి. శ్మశానవాటి అని ఆయన విడిగా రాసుకున్న ఖండిక. నాటకం కోసం రాసింది కాదు. నటులు తీసుకొచ్చి హరిశ్చంద్రుడి నోట్లో పెట్టారు. డి.వి.సుబ్బారావు లాంటి వాళ్ల గొంతులో అవి ఊరూరా తిరిగాయి. ఇప్పుడు అవి లేని కాటి సీనుని ఊహించలేం. కవీ, రాజూ, కొత్త పెళ్లికూతురూ, చంటిబిడ్డా అందరూ అక్కడికే చేరతారని, అంటరానితనం లోపలికి రాలేని చోటు అదొక్కటేనని ఆ ఖండిక సారం.

ఈ మెలిక చూడండి. చండాలుడి కింద పనిచెయ్యాల్సి వచ్చిందే అని ఏడ్చే రాజు, అదే స్టేజీ మీద, అంటరానితనం ఇక్కడ చెల్లదని దళిత కవి పద్యం పాడతాడు. జనం వన్స్ మోర్ అంటారు. ఎవరు రాశారో సగం మందికి తెలియదు. హరిశ్చంద్ర పద్యాలు అంటారు. పైన పాడేవాడికి చప్పట్లు, రాసినవాడు నేలమాళిగలో. తమ్ముడు "మనోడే" అన్నది ఇందుకే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా ఇరవై ఏళ్ల వయసులో, 1915-16 ప్రాంతంలో, రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశాడు. అప్పటికి సినిమాలకి మాటల్లేవు. తెర మీద బొమ్మ ఆడుతుంటే, కనపడకుండా నిలబడి కథా, సంభాషణలూ చదివేవాళ్లు. ఆయన పని అదే. మన సినిమా మూగగా ఉన్న రోజుల్లో దానికి గొంతిచ్చినవాళ్లలో ఒక అంటరాని కుర్రాడు ఉన్నాడు. చీకట్లో, కనపడకుండా. ఫాంటమ్ కథ పారిస్ నుంచి తెచ్చుకోనక్కర్లేదు మనం.

పిల్లల దగ్గర అసలు గొడవ పాత్రల దగ్గర వచ్చింది. పద్యాల తమ్ముడు హరిశ్చంద్రుడు. మరి వీరబాహుడు ఎవరు? ఎవరూ చెయ్యమన్నారు. "బయట ఎట్లాగూ అదే అంటారు, తెర మీద కూడా నేనే చెయ్యాలా" అన్నాడు ఒకడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఆ పాత్రే తీసేద్దామన్నాడు ఇంకొకడు. అప్పుడు పద్యాల తమ్ముడే అన్నాడు: "అన్నా, నేను రాజు వెయ్యను. వీరబాహుడు వేస్తా. పద్యాలన్నీ వీరబాహుడే పాడతాడు."

ఒక్కసారిగా గది నిశ్శబ్దం.

ఆలోచించండి. ఆ పద్యాలు శ్మశానంలో నిలబడి చుట్టూ చూసేవాడి పద్యాలు. నిన్న వచ్చిన రాజుకి ఆ చూపు ఎక్కడిది? ప్రతి సమాధీ ఎవరిదో తెలిసినవాడు కాపరి. కవి ఎక్కడ కాలాడో, బిడ్డ ఎక్కడ పూడాడో చెప్పగలిగింది వాడే. పద్యం మార్చక్కర్లేదు, అక్షరం మార్చక్కర్లేదు. నోరు మారిస్తే చాలు, కథ తిరగబడుతుంది. నాటకాన్ని సినిమా చెయ్యడమంటే ఇదే అని నాకు అనిపించింది. సెట్టింగులు పెంచడం కాదు, ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామో మార్చడం.

తర్వాత చోటు. పక్క ఊళ్లో, ఊరి పేరు అనవసరం, మంచి శ్మశానం ఉంది. ప్రహరీ గోడ, ఇనుప గేటు, రేకుల షెడ్డు, బోరు, సిమెంటు బల్లలు. గేటు దగ్గర హరిశ్చంద్రుడి బొమ్మ కూడా ఉంది, భుజాన గొంగడి, చేతిలో కర్రతో. పిల్లలు పోయి అడిగారు. చూసుకునే పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడంట. ఏం చదువుతున్నారన్నాడు, ఏ ఊరన్నాడు, ఊళ్లో ఎటువైపన్నాడు. చెప్పారు. "మీకూ ఉంది కదమ్మా ఒకటి. అక్కడ తీసుకోండి" అన్నాడు.

అంటరానితనం రాలేని చోటు ఉందని జాషువా చెప్పింది కల. ఆయనకి తెలియక కాదు. ఎట్లా ఉండాలో చెప్పాడు. ఎట్లా ఉందో గేటు దగ్గర పెద్దమనిషి చెప్పాడు.

మాకు ఉన్న ఆ 'ఒకటి' వాగు పోరంబోకు. తుమ్మ చెట్లు. దారి లేదు. పత్తి చేల గట్ల మీద పోవాలి. మిరప తోటలకి పోయి, తొడిమలు తీసి, ముగ్గురు పిల్లల్ని చదివించిన మా పెద్దమ్మ అక్టోబరు వానల్లో పోయింది. నల్లరేగడి సంగతి మీకు తెలుసు, తడిస్తే మనిషిని మోకాలి దాకా లాగుతుంది. పెట్టె మోసే ఆరుగురిలో నేనొకణ్ణి. పాస్టరు గారు చెప్పులు చేత్తో పట్టుకొని మా వెనక నడిచాడు. మా ముందువాడి కాలు దిగబడి పెట్టె ఒక పక్కకి ఒరిగితే, గట్టు మీద నిలబడి పత్తి మొక్కలు తొక్కొద్దని అరిచినాయన ఉన్నాడు. పన్నెండు అడుగుల దారి కోసం అర్జీలు ఇస్తూనే ఉన్నాం.

తెర ముందు కూడా మన చోటు ఎప్పుడూ సులువు కాదు. ఈ జిల్లాల్లో చదువుకునే ప్రతి పిల్లా పిల్లవాడికీ చుండూరు తెలియాలి. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు అగ్రకుల కుర్రాడికి తగిలింది. గొడవ అక్కడ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కానీ చుండూరు దళితులు ఒక పని చేశారు. తమవాళ్లని వాగు పక్కకి తీసుకుపోలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చారు. రక్తక్షేత్రం అన్నారు. శ్మశానాన్నే ఊరి మధ్యకి తెచ్చారు. ఊరు రోజూ దాని పక్కనుంచే నడవాలి. శ్మశానవాటి పద్యాలకి ఇంతకన్నా గట్టి వ్యాఖ్యానం ఏ పండితుడూ రాయలేదు.

అందుకే పిల్లలతో చెప్పాను, గేటున్న శ్మశానం మనకొద్దు. మన వాగు పక్కనే తీద్దాం. ఇప్పుడు స్క్రిప్టు ఇట్లా ఉంది. మొదటి షాటు పత్తి చేల గట్టు. పెట్టె మోసుకొస్తున్న కాళ్లు. మొఖాలు తర్వాత. తుమ్మ చెట్టు కింద వీరబాహుడు పార పట్టుకొని గుంట తవ్వుతుంటాడు. తాగి లేడు, తూలడం లేదు. తవ్వుతూనే పాడతాడు, హార్మోనియం లేకుండా. పార చప్పుడే తాళం. రాజు వస్తాడు, దూరంగా నిలబడతాడు, పని నేర్పమని అడుగుతాడు. వీరబాహుడు పార చేతికిస్తాడు. చివర్లో దేవుళ్లెవరూ దిగరు. ముసుగు తీసేది ఏమీ లేదు. మనిషే. పేర్ల దగ్గర మొదటి పేరు: పద్యాలు, గుర్రం జాషువా.

చంద్రమతి వేషం గురించి ఇంకా తేలలేదు. చచ్చిన బిడ్డ కోసం మూడు పద్యాలు ఏడ్చి ఊరుకోను, కాటి సుంకం ఎవరు పెట్టారో అడుగుతానంటోంది ఆ వేషం కట్టే చెల్లెలు. అడగనివ్వండి అన్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఊళ్లో ఆడే నాటకం ఏదైనా తీసుకోండి. బాలనాగమ్మ, ఏదైనా. తీసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీంట్లో ఎవరి మొఖం మనకి ఇంతవరకూ చూపించలేదు? ఈ పాట రాసింది ఎవరు, వాళ్ల పేరు ఎక్కడ?

28 సాయంత్రం ఏడింటికి మా పేటలో చర్చి ముందు తెర కడుతున్నాం. తెర అంటే దుప్పటే. కుర్చీలు లేవు, చాపలే. దారి అర్జీ మీద సంతకాలు కూడా అక్కడే. ఎవరైనా రావచ్చు, ఎదురుగానే కూర్చోవచ్చు. గేటు దగ్గర పెద్దమనిషిని కూడా పిలిచాం. వస్తానన్నాడు. వచ్చాడో లేదో వచ్చే భాగంలో చెప్తాను.

జై భీమ్.